డీఎన్‌ఏ ఫోరెన్సిక్ బోధనకు ప్రయోగశాల: నల్గొండ లాంటి చోట ఎలా ఏర్పాటు చేసుకోవాలి

దేవరకొండ నుంచి, వనపర్తి నుంచి, నాగర్‌కర్నూల్ నుంచి ఏ అధ్యాపకులు ఫోన్ చేసినా మొదటి ప్రశ్న ఒక్కటే: "మేడమ్, ఏ యంత్రం కొనాలి?" ఫోరెన్సిక్ సైన్సు పాఠ్యాంశంగా వచ్చింది, కొంత నిధి మంజూరైంది, మార్చిలోపు ఖర్చు చూపించాలి. అందుకే ఆ తొందర. నేను హైదరాబాద్‌లో కేసుల నమూనాలు పరీక్షించే డీఎన్‌ఏ విభాగంలో చాలాకాలం పనిచేసి, ఇప్పుడు నల్గొండలో డిగ్రీ పిల్లలకు అదే పని నేర్పుతున్నాను. రెండు వైపులా చూసిన అనుభవంతో గట్టిగా చెబుతున్నాను: యంత్రం జాబితాలో చివరిది. ముందు రెండు గదులు, కొద్దిపాటి ద్రవాన్ని కొలిచి వేసే నమ్మదగిన పిపెట్లు, మంచి నీళ్లు, ఆగని కరెంటు సమకూర్చుకోండి. ఇవి లేని చోట ఎంత ఖరీదైన యంత్రం పెట్టినా అది తప్పుడు ఫలితాన్ని చక్కగా ముద్రించి ఇస్తుంది.

ఇది మన జిల్లాలకు ఇప్పుడు అవసరమైన చదువు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 176వ సెక్షన్ ప్రకారం, ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలి. రాష్ట్రాలు దీన్ని అమలు చేయడానికి ఐదేళ్ల గడువు ఉంది. అంటే జిల్లా క్లూస్ టీంలలో, ప్రాంతీయ ప్రయోగశాలల్లో చేతిపని తెలిసినవాళ్లు కావాలి. ఆ చేతిపని నేర్పడానికి కోటి రూపాయల సామగ్రి అక్కర్లేదు.

రెండు గదులు, ఒకే దారి

పీసీఆర్ అంటే డీఎన్‌ఏలోని ఒక చిన్న భాగాన్ని మళ్లీ మళ్లీ రెట్టింపు చేయడం. ప్రతి చక్రంలో రెట్టింపు అయితే 28 చక్రాల తర్వాత ఒక్క ముక్క దాదాపు 27 కోట్ల ముక్కలవుతుంది. ఆ ట్యూబు మూత తీసిన క్షణంలో కంటికి కనిపించని తుంపరలు గాలిలోకి లేస్తాయి. ఒక్క తుంపరలో వేల ముక్కలుంటాయి. అవి రేపటి నమూనాలో పడితే రేపటి ఫలితం నిన్నటిదే అవుతుంది. అందుకే డీఎన్‌ఏ తీసే గది వేరు, పెంచిన డీఎన్‌ఏను జెల్ (ముక్కలను పొడవును బట్టి విడదీసే జిగురు పలక) మీద చూసే గది వేరు.

మన కళాశాలల్లో సాధారణంగా ఒక పెద్ద జంతుశాస్త్ర ప్రయోగశాల, పక్కన సామాను గది ఉంటాయి. ఆ సామాను గదిని ఖాళీ చేయించండి. నమూనాలు విప్పడం, డీఎన్‌ఏ తీయడం, పీసీఆర్ మిశ్రమం కలపడం అక్కడ. పీసీఆర్ చేసే యంత్రం థర్మల్ సైక్లర్, జెల్ పెట్టెలు పెద్ద గదిలో. పిల్లలు మొదటి గది నుంచి రెండో గదికి వెళ్లాలి. ఆ రోజుకు మళ్లీ వెనక్కి రాకూడదు. రెండు గదులకూ వేరు వేరు రంగుల కోట్లు కుట్టించండి. నీలం కోటుతో తెల్ల కోటు గదిలోకి వచ్చిన విద్యార్థి దూరం నుంచే కనిపిస్తాడు. పిపెట్లు, టిప్పులు, మార్కర్ పెన్నులు, చివరికి చీపురు కూడా రెండు గదులకూ వేర్వేరుగా ఉండాలి. చీపురు మాట చెబితే నవ్వుతారు. కానీ రెండో గది దుమ్మును మొదటి గదికి మోసేది అదే.

మొదటి గదిలో సీలింగ్ ఫ్యాను పెట్టకండి. నల్గొండ ఎండల్లో ఈ మాట ఎవరికీ రుచించదని తెలుసు. ఫ్యాను తిరుగుతుంటే పిపెట్ చివరి బొట్టు మీద గదిలోని దుమ్మంతా వాలుతుంది. చిన్న గది కాబట్టి ఒక ఏసీ సరిపోతుంది. ఏసీకి నిధి లేకపోతే మిశ్రమం కలిపే చోట మూడు వైపులా మూసిన పెట్టె చేయించండి. అల్యూమినియం పార్టిషన్ పనివాళ్లు ఒక్క రోజులో చేసిస్తారు. ముందు వైపు పారదర్శకమైన అక్రిలిక్ తలుపు, పైన 254 నానోమీటర్ల యూవీ ట్యూబు. ఇక్కడ ఒక మోసం జరుగుతుంది: దోమలను చంపే నీలి ట్యూబును యూవీ అని అమ్ముతారు. దాని తరంగదైర్ఘ్యం వేరు, డీఎన్‌ఏను పాడుచేసే శక్తి దానికి లేదు. ట్యూబు మీద 254 అని ఉందో లేదో చదివి కొనండి. ఆ కాంతిని అక్రిలిక్ ఆపుతుంది కాబట్టి తలుపు మూసి ఉంటే కళ్లకు రక్షణ. తలుపు తెరిస్తే దీపం ఆరిపోయే స్విచ్ పెట్టమని ఎలక్ట్రీషియన్‌కు ముందే చెప్పండి.

బల్ల మీద అతుకుల్లేని గ్రానైట్ పలక వేయించండి. పని మొదలుపెట్టే ముందు, ముగిశాక బ్లీచ్ ద్రావణాన్ని పదింతలు పలుచన చేసి తుడవాలి. కాసేపటికి నీళ్లతో, తర్వాత 70 శాతం ఆల్కహాల్‌తో తుడవాలి. లేకపోతే స్టీలు సామాను తుప్పు పడుతుంది. ఆల్కహాల్ ఒక్కటే చాలదు. అది సూక్ష్మజీవిని చంపుతుంది కానీ డీఎన్‌ఏను అలాగే వదిలేస్తుంది.

నీళ్లు

మన జిల్లా పేరు ప్రపంచానికి తెలిసింది నీళ్లలోని ఫ్లోరైడ్ వల్లే. దాన్ని పటికతో, సున్నంతో తగ్గించే పద్ధతికి "నల్గొండ టెక్నిక్" అనే పేరు పుస్తకాల్లో స్థిరపడింది. ప్రయోగశాలలో నాకు ఫ్లోరైడ్ కంటే ఎక్కువ చింత కలిగించేది నీటి కాఠిన్యం. పీసీఆర్‌లో ఎంజైము పనిచేయడానికి మెగ్నీషియం కావాలి. మామూలుగా లీటరుకు 1.5 మిల్లీమోల్, అంటే సుమారు 36 మిల్లీగ్రాములు. గట్టి బోరు నీళ్లలో అంత మెగ్నీషియం సహజంగానే ఉండవచ్చు. లెక్కగా కలిపిన మెగ్నీషియానికి నీళ్ల నుంచి మరింత తోడైతే ప్రైమర్లు (ఏ భాగాన్ని పెంచాలో గుర్తించే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) అవసరం లేని చోట్ల కూడా అతుక్కుని, జెల్ మీద లేనిపోని గీతలు కనిపిస్తాయి.

కాబట్టి నీళ్లను రెండు రకాలుగా పెట్టుకోండి. పీసీఆర్ మిశ్రమానికి, డీఎన్‌ఏ తీసే ద్రావణాలకు న్యూక్లియేజ్‌లు (డీఎన్‌ఏను తినే ఎంజైములు) లేని నీళ్లు చిన్న సీసాల్లో కొని, ఒక్కో మిల్లీలీటరుగా పంచి ఫ్రీజర్‌లో దాచండి. ఒక తరగతికి ఒక ట్యూబు. మిగిలింది పారబోయాలి. జెల్ బఫరుకు, సామాను కడగడానికి గాజు డిస్టిలేషన్ సెట్టు చాలు. మిషన్ భగీరథ నీళ్లు వస్తే డిస్టిలేషన్‌కు అవే వాడండి. బోరు నీళ్లయితే హీటరు చుట్టూ తెల్లటి పెచ్చు కడుతుంది. దాన్ని పలుచని ఆమ్లంతో తరచూ కరిగించాలి. ఇంట్లో తాగే ఆర్వో నీళ్లు పీసీఆర్‌కు పనికిరావు.

కరెంటు, చల్లదనం

థర్మల్ సైక్లర్ ఒకసారి మొదలైతే గంటన్నర నుంచి రెండు గంటలు నడుస్తుంది. మధ్యలో కరెంటు పోతే కొన్ని యంత్రాలు ఆగిన చోటు నుంచి మళ్లీ మొదలవుతాయి. అయినా ఆగిన ట్యూబు ఫలితాన్ని నేను తరగతిలో ఒప్పుకోను, కారణం పుస్తకంలో రాయించి మళ్లీ చేయిస్తాను. ఇన్వర్టరు కాదు, ఆన్‌లైన్ యూపీఎస్ కొనండి. మార్పిడి సమయంలో క్షణం కూడా ఆగకూడదు. ఏప్రిల్, మే నెలల్లో గది 40 డిగ్రీలు దాటితే సైక్లర్ వేగంగా చల్లబడలేదు. యంత్రం చుట్టూ జానెడు ఖాళీ వదలండి, గోడకు ఆనించకండి.

ఫ్రీజర్ విషయంలో సరఫరాదారు మాట వినవద్దు. మంచు గడ్డకట్టని ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రీజర్‌ను గొప్పగా చూపిస్తారు. మంచు కరిగించడానికి అది తనంతట తానే మధ్యమధ్య వేడెక్కుతుంది. మన ఎంజైములకు అదే శత్రువు. చేత్తో మంచు గీకే పాతరకం, మైనస్ 20 డిగ్రీలది, మంచి స్టెబిలైజరుతో తీసుకోండి. పీసీఆర్ చేసే టాక్ ఎంజైము గ్లిసరాల్‌లో ఉంటుంది కాబట్టి మైనస్ 20లోనూ గడ్డకట్టదు. దాన్ని చూసి ఫ్రీజర్ చెడిపోయిందని పిల్లలు కంగారుపడతారు. ముందే చెప్పండి.

రసాయనాలు హైదరాబాద్ నుంచే రావాలి. ఆర్టీసీ కార్గోలో వేయిస్తే చౌటుప్పల్, నార్కట్‌పల్లి మీదుగా అదే రోజు నల్గొండ చేరతాయి. థర్మోకోల్ పెట్టెలో జెల్ ప్యాకులు పెట్టమని రాతపూర్వకంగా అడగండి, శుక్రవారం పంపవద్దని కూడా చెప్పండి. శనివారం ఆఫీసులో ఎవరూ తీసుకోకపోతే పెట్టె సోమవారం దాకా ఎండలోనే ఉంటుంది. ఒక సరఫరాదారు ఎంజైమును మామూలు కవరులో పంపితే నేను సంతకం పెట్టకుండా తిప్పి పంపాను. మీరూ అలాగే చేయండి.

తరగతిలో ఐసు కావాలంటే చేపల మార్కెట్‌లో దొరుకుతుంది. ట్యూబులను మాత్రం జిప్ కవరులో పెట్టి ఆ ఐసులో ఉంచండి. కింద చెప్పబోయే మాంసం పరీక్షలో ఎప్పుడైనా చేపను కూడా చేర్చితే ఆ ఐసు నీళ్ల చుక్క కొంప ముంచుతుంది.

పిపెట్లు

నా దృష్టిలో ఎక్కువ డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. 2, 20, 200, 1000 మైక్రోలీటర్ల పిపెట్లు మొదటి గదికి కనీసం మూడు సెట్లు, రెండో గదికి ఒకటి. టిప్పులు మాత్రం ఫిల్టరు ఉన్నవే. ఫిల్టరు లేని టిప్పులో ద్రావణం పైకి ఎగిసి పిపెట్ గొట్టంలోకి చేరితే, ఆ తర్వాత ఆ పిపెట్ పట్టుకున్న ప్రతి విద్యార్థీ ఆ నమూనాను పంచుతూనే ఉంటాడు.

పిపెట్ సరిగా ఉందో లేదో తూకంతో తేల్చుకోవచ్చు. 100 మైక్రోలీటర్ల నీళ్లు దాదాపు 100 మిల్లీగ్రాములు. పది పైసల ఖర్చు లేని పరీక్ష. మీ త్రాసు మిల్లీగ్రాములో పదో వంతు చూపితే చాలు. 2 మైక్రోలీటర్ల పిపెట్‌ను ఒక్కసారి తూచి తేల్చలేం, పది సార్లు ఒకే గిన్నెలో వదిలి మొత్తాన్ని తూచండి. నెలకోసారి చేసి, సంఖ్యలను గోడ మీద అంటించండి. విద్యార్థులే చేయాలి. కోర్టులో "మీ పరికరం సరిగా పనిచేస్తోందని ఎలా చెప్పగలరు?" అని ప్రశ్న వస్తే సమాధానం ఆ కాగితమే.

మొదటి మూడు వారాలు డీఎన్‌ఏ ముట్టనివ్వకండి. మిఠాయి రంగు కలిపిన నీళ్లతో 1, 2, 5 మైక్రోలీటర్ల చుక్కలను పారాఫిల్మ్ అనే మైనపు పొర మీద వరుసగా పెట్టించండి. వరుసలో ఒక్క చుక్క చిన్నదైనా కంటికి తెలిసిపోతుంది. ఈ పని విసుగ్గా ఉంటుందని పిల్లలు గొణుగుతారు. గొణగనివ్వండి.

మాలిన్యం ఎలా పాకుతుందో చూపించడానికి ఖరీదైనదేమీ అక్కర్లేదు. ఒక ట్యూబు బయట బట్టల సబ్బు పొడి కొద్దిగా పూసి, ఎవరికీ చెప్పకుండా తరగతికి ఇవ్వండి. సబ్బు పొడిలో తెలుపు మెరిసేలా చేసే పదార్థం యూవీ కాంతిలో నీలంగా వెలుగుతుంది. గంట తర్వాత దీపాలు ఆర్పి, నోట్లు పరీక్షించే యూవీ టార్చి వేయండి. తలుపు గొళ్లెం, ఫోన్లు, రికార్డు పుస్తకాలు, కొందరి ముక్కులు వెలుగుతాయి. ఆ రోజు నుంచి గ్లౌజులు మార్చమని నేను చెప్పాల్సిన పని ఉండదు.

ఏ నమూనాతో నేర్పాలి

విద్యార్థుల రక్తంతో వద్దు. లాలాజలంతోనూ వద్దు. ఈ విషయంలో నేను పట్టు విడవను. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒకే కళాశాలలో చదివే ఊళ్లు మనవి. డీఎన్‌ఏ గుర్తులు పోల్చితే ఒక కుటుంబం ఎన్నడూ బయటపెట్టని నిజం బల్ల మీద పడవచ్చు. పందొమ్మిదేళ్ల బిడ్డ దాన్ని ప్రాక్టికల్ పరీక్షలో తెలుసుకోకూడదు. "నేను ఒప్పుకుంటున్నాను" అని సంతకం చేసినా, మార్కులు వేసే అధ్యాపకుడి ముందు ఇచ్చిన సమ్మతికి విలువ లేదు.

దానికి బదులు మటన్ దుకాణానికి వెళ్లండి. మనది గొర్రెల కాపరుల నేల. పాలమూరు, నల్గొండ సంతల్లో మేక, గొర్రె రెండూ దొరుకుతాయి, దుకాణంలో రెండూ మటనే. మేక మాంసం, గొర్రె మాంసం, కోడి మాంసం తెచ్చి, ఏది ఏదో చెప్పకుండా సంఖ్యలు వేసి ఇవ్వండి. మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ బి జన్యువు ఆధారంగా జాతిని గుర్తించే ప్రైమర్ల సెట్టు ఒకటి 1999లోనే ప్రచురితమైంది. అందులో మేకకు 157, కోడికి 227, గొర్రెకు 331 బేసుల (డీఎన్‌ఏ అక్షరాల) ముక్కలు వస్తాయి. 2 శాతం అగరోజ్ జెల్ మీద ఈ మూడూ స్పష్టంగా విడిపోతాయి. ప్రైమర్లు ఒకసారి చేయించుకుంటే చాలా బ్యాచ్‌లకు వస్తాయి.

ఇది కేవలం తరగతి ఆట కాదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం అంచు గ్రామాల్లో అటవీ సిబ్బంది పట్టుకున్న మాంసం దుప్పిదా, మేకదా అన్న ప్రశ్నకు సమాధానం ఇదే దారిలో వస్తుంది. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన లాకోన్స్ కేంద్రం వన్యప్రాణుల నమూనాలను డీఎన్‌ఏతో గుర్తించే పని చేస్తుంది. నాగర్‌కర్నూల్ విద్యార్థులకు ఈ ఉదాహరణ చెప్పినప్పుడు వాళ్ల కళ్లలో వచ్చే ఆసక్తి పుస్తకాల్లోని ఇంగ్లండ్ హత్య కేసు చెప్పినప్పుడు రాదు.

రక్తం కూడా దుకాణంలోనే దొరుకుతుంది. వట్టి సీసాలో తెస్తే గడ్డకడుతుంది. ఊదా మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులు తీసుకెళ్లండి. ఆకుపచ్చ మూతవి హెపారిన్ ట్యూబులు, హెపారిన్ పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. మేక రక్తం, కోడి రక్తం రెండూ తెప్పించండి. క్షీరదాల ఎర్ర కణాల్లో కేంద్రకం ఉండదు, డీఎన్‌ఏ అంతా తెల్ల కణాలదే. పక్షుల ఎర్ర కణాల్లో కేంద్రకం ఉంటుంది. కోడి రక్తం ఎక్కువగా వేస్తే ట్యూబులో జిగురు తీగలా సాగుతుంది. పుస్తకంలో చదివి మరిచిపోయే విషయం, చేత్తో చూశాక మరిచిపోరు.

చేసే పద్ధతి

ముందు రక్తమా కాదా అని చూసే కాస్టిల్-మేయర్ పరీక్ష. తెల్ల కాటన్ గుడ్డ మీద మేక రక్తపు మరక, కుంకుమ మరక, ముల్లంగి రసం, కాలీఫ్లవర్ రసం ఆరబెట్టి ఇవ్వండి. మరకను దూది పుల్లతో రుద్ది ఆల్కహాల్ చుక్క, తర్వాత ఫినాల్ఫ్థాలిన్ ద్రావణం, చివరగా హైడ్రోజన్ పెరాక్సైడ్ వేయాలి. రక్తమైతే క్షణాల్లో గులాబీ రంగు వస్తుంది. పెరాక్సైడ్ వేయకముందే రంగు వస్తే ఆ పరీక్ష చెల్లదు. మొక్కల రసాల్లోని పెరాక్సిడేజ్ కూడా రంగు తెప్పించగలదు. మేక రక్తం, మనిషి రక్తం రెండూ ఒకేలా రంగిస్తాయి. "ఇది మనిషి రక్తమే" అని ఈ పరీక్ష ఎన్నడూ చెప్పదన్న సంగతి అక్కడే తేలిపోతుంది.

తర్వాత డీఎన్‌ఏ తీయడం. ఫినాల్, క్లోరోఫాం పద్ధతి గాలి లాగే ఫ్యూమ్‌హుడ్ లేని గదిలో వద్దు. చెలెక్స్ అనే రెసిన్ గింజలతో చేసే పద్ధతి చవక, విషం లేదు. 3 మైక్రోలీటర్ల రక్తాన్ని 1 మిల్లీలీటరు నీళ్లలో కలిపి 15 నుంచి 30 నిమిషాలు ఉంచాలి. కణాలు పగిలి ఎర్ర రంగు నీళ్లలోకి వస్తుంది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి పై ద్రవం తీసేసి, అడుగున ఉన్నదానికి 5 శాతం చెలెక్స్ 200 మైక్రోలీటర్ల దాకా కలపాలి. 56 డిగ్రీల దగ్గర అరగంట, బాగా కుదిపి మరిగే నీళ్లలో 8 నిమిషాలు, మళ్లీ తిప్పడం. పైన తేలిన ద్రవంలో డీఎన్‌ఏ ఉంటుంది. చెలెక్స్ గింజలు మెగ్నీషియాన్ని పట్టేస్తాయి, డీఎన్‌ఏను తినే ఎంజైములను అలా ఆపుతాయి. అవే గింజలు పీసీఆర్ ట్యూబులోకి వస్తే పీసీఆర్‌కు కావలసిన మెగ్నీషియాన్నీ పట్టేస్తాయి. అందుకే టిప్పు అడుగు దాకా పోకూడదు. గింజలు తొందరగా కిందికి దిగుతాయి కాబట్టి ద్రావణం కలుపుతూనే పంచాలి.

ఇలా తీసిన డీఎన్‌ఏ మరగడం వల్ల రెండు పోగులూ విడిపోయి ఉంటుంది. డీఎన్‌ఏ ఎంత ఉందో కాంతితో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటరు సంఖ్య దీనికి నమ్మదగింది కాదు. పైగా ఆ యంత్రానికి మనిషి డీఎన్‌ఏకు, బాక్టీరియా డీఎన్‌ఏకు తేడా తెలియదు. కాబట్టి ఆ ఖరీదైన చిన్న యంత్రాన్ని మొదటి ఏడాది జాబితా నుంచి కొట్టేయండి.

పీసీఆర్‌కు 30 మంది తరగతిని ఆరు గుంపులు చేయండి. గుంపుకు నాలుగు ట్యూబులు: రెండు నమూనాలు, డీఎన్‌ఏ తీసేటప్పుడు నమూనా లేకుండా అన్ని ద్రావణాలూ పోసిన బ్లాంక్, పీసీఆర్ మిశ్రమంలో డీఎన్‌ఏకు బదులు నీళ్లు వేసిన నెగటివ్. తరగతి మొత్తానికి ముందే తెలిసిన డీఎన్‌ఏ వేసిన పాజిటివ్ ఒకటి. 25 గుంటల చిన్న సైక్లర్‌లో సరిగ్గా పడతాయి. 96 గుంటలది కొనాలని పట్టుబట్టకండి. మూత వేడెక్కేదై ఉండాలి, అది లేకపోతే ద్రవం ఆవిరై మూతకు చేరుతుంది. ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్‌లో టెండరు రాసేటప్పుడు "వేడి మూత, 0.2 మిల్లీలీటర్ల ట్యూబులు, హైదరాబాద్‌లో సర్వీసు ఇంజినీరు" అని స్పష్టంగా రాయకపోతే తక్కువ ధరకు ఏదో ఒకటి వచ్చి కూర్చుంటుంది.

మన ప్రాక్టికల్ పీరియడ్లు మూడు గంటలకు మించవు. డీఎన్‌ఏ తీయడం ఒక రోజు, పీసీఆర్ పెట్టడం రెండో రోజు, జెల్ మూడో రోజు. మధ్యలో ట్యూబులు మైనస్ 20లో భద్రంగా ఉంటాయి.

జెల్ దగ్గర రెండు మాటలు. 2 శాతం జెల్‌లో, నమూనాతో కలిపి వేసే బ్రోమోఫినాల్ బ్లూ రంగు దాదాపు 150 బేసుల డీఎన్‌ఏతో కలిసి పరుగెడుతుంది. మేక గీత సరిగ్గా దాని నీడలో దాక్కుంటుంది. దానికి ముందు పరుగెత్తే ఆరెంజ్ జి రంగు వాడండి. ఎథిడియం బ్రోమైడ్ జన్యువులను మార్చే రసాయనం, పిల్లల గదిలో దానికి చోటు లేదు. సైబర్ సేఫ్ లాంటి రంగు వేసి, 470 నానోమీటర్ల నీలి ఎల్‌ఈడీ దీపం మీద అంబర్ రంగు అక్రిలిక్ పలక గుండా చూస్తే చాలు.

ఫలితం చూసేటప్పుడు క్రమం మార్చకండి. ముందు బ్లాంక్, తర్వాత నెగటివ్, తర్వాత పాజిటివ్, చివరికి నమూనాలు. బ్లాంక్‌లో గీత కనిపిస్తే మిగతావి ఎంత అందంగా వచ్చినా ఆ గుంపు "ఫలితం చెప్పలేం" అని రాయాలి. అలా రాసినవాళ్లకు నేను పూర్తి మార్కులు వేస్తాను. బ్లాంక్ గీతను దాచినవాళ్లకు సున్నా. యూరప్‌లో ఒకే మహిళ డీఎన్‌ఏ జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్‌లలో పదుల నేరస్థలాల్లో దొరికింది. 2007లో హైల్‌బ్రోన్ పట్టణంలో జరిగిన పోలీసు అధికారిణి హత్య స్థలంలోనూ దొరికింది. 2009లో తేలిందేమిటంటే, ఆ డీఎన్‌ఏ నమూనా తీసే దూది పుల్లలను ఫ్యాక్టరీలో ప్యాక్ చేసిన ఉద్యోగినిది. పుల్లలు స్టెరైలే. స్టెరైల్ అంటే సూక్ష్మజీవులు లేవని మాత్రమే, డీఎన్‌ఏ లేదని కాదు. మీరు కొన్న దూది పుల్లల పెట్టె నుంచి ఒకదాన్ని తీసి బ్లాంక్‌గా పరీక్షించండి.

మరక, మట్టి, కవరు

మేక రక్తం మరకలు కొన్నిటిని నీడలో ఆరబెట్టి కాగితపు కవరులో, కొన్నిటిని తడిగానే పాలిథిన్ కవరులో పెట్టి వేసవి గదిలో వారం ఉంచండి. పాలిథిన్‌లో బూజు పడుతుంది, వాసన వస్తుంది, జెల్ మీద గీత పలుచబడుతుంది లేదా మాయమవుతుంది. పోలీసు శిక్షణకు వచ్చినవాళ్లకు ఉపన్యాసం కంటే ఈ రెండు కవర్లు చూపించడం మేలు.

ఇంకో వరుస మరకలు నల్లరేగడి మట్టిలో, ఎర్ర చల్క మట్టిలో, జీన్స్ గుడ్డ మీద వేయండి. మట్టిలోని హ్యూమిక్ పదార్థాలు, జీన్స్ నీలిరంగు, రక్తంలోని హీమ్ ఎంజైమును అడ్డుకుంటాయి. నమూనాను పదింతలు పలుచన చేస్తే, లేదా బీఎస్‌ఏ ప్రొటీన్ కలిపితే తరచూ గీత తిరిగి వస్తుంది. "డీఎన్‌ఏ లేదు" అనడానికి, "పీసీఆర్ జరగలేదు" అనడానికి మధ్య తేడా ఇక్కడ తెలుస్తుంది. పొలం గట్టు మీద జరిగిన నేరాల్లో ఈ తేడాయే కేసు.

మనిషి డీఎన్‌ఏ దగ్గరికి వచ్చినప్పుడు

చరిత్రను క్లుప్తంగా చెప్పండి. 1984లో లెస్టర్ విశ్వవిద్యాలయంలో అలెక్ జెఫ్రీస్ డీఎన్‌ఏ వేలిముద్రను కనుగొన్నారు. సీసీఎంబీలో లాల్‌జీ సింగ్ కట్లపాము జాతి డీఎన్‌ఏలో దొరికిన పునరావృత భాగం నుంచి ప్రోబ్ (డీఎన్‌ఏలో పోలిన భాగాలను వెతికి పట్టే ముక్క) తయారుచేసి మన దేశానికి సొంత పద్ధతి ఇచ్చారు. ఆ పద్ధతులకు డీఎన్‌ఏ ఎక్కువగా కావాలి. డీఎన్‌ఏలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న భాగాలను లెక్కించే నేటి ఎస్‌టీఆర్ పద్ధతికి 1 నానోగ్రాము చాలు, అంటే సుమారు 150 కణాల డీఎన్‌ఏ.

ఎస్‌టీఆర్ పరీక్షకు కేపిలరీ ఎలక్ట్రోఫోరెసిస్ యంత్రం, అంటే సన్నని గొట్టంలో ముక్కలను పొడవును బట్టి విడదీసేది, కావాలి. డిగ్రీ కళాశాల దాన్ని కొనకూడదని నా అభిప్రాయం. పాలిమర్, కేపిలరీలు, కిట్లు గడువు తీరి పారేయాల్సి వస్తాయి, వార్షిక నిర్వహణ ఖర్చే మిగతా ప్రయోగశాలను మింగేస్తుంది. ఎందుకు ఆ యంత్రం అవసరమో మాత్రం నేర్పాలి. పోల్చి చూసే డీఎన్‌ఏ స్థానాల్లో ఒకటైన టీహెచ్01లో 9.3 అనే రూపం ఉంది: తొమ్మిది పూర్తి పునరావృతాలు, మరో మూడు బేసులు. పదో రూపానికీ దీనికీ తేడా ఒక్క బేసు. ఆడా మగా తేల్చే అమెలోజెనిన్ పరీక్షలో ఎక్స్, వై ముక్కల తేడా ఆరు బేసులే. ఇవి అగరోజ్ మీద విడిపోవు.

ఆ భాగాన్ని కాగితం మీద, కంప్యూటర్ మీద నేర్పండి. 9947ఏ లాంటి ప్రామాణిక డీఎన్‌ఏ ఫలితాలు అందరికీ తెలిసినవే. దాని టీహెచ్01 ఫలితం 8, 9.3. ఆ యంత్రం గీసే శిఖరాల గ్రాఫును చదవడానికి అమెరికా సంస్థ ఎన్‌సీబీఐ రూపొందించిన ఒసిరిస్ సాఫ్ట్‌వేర్ ఉచితం. ముందు ఒకే వ్యక్తి గ్రాఫు ఇవ్వండి, తర్వాత ఇద్దరి మిశ్రమం. అసలు శిఖరానికి ఒక పునరావృతం ముందు వచ్చే చిన్న శిఖరం స్టట్టర్. దాన్ని మూడో మనిషిగా లెక్కించినవాళ్లు ఎలా పొరబడ్డారో తరగతిలో చర్చించండి. డీఎన్‌ఏ తక్కువైతే ఒక శిఖరం పూర్తిగా రాకపోవచ్చు, అప్పుడు "సరిపోలలేదు" అనే ముందు ఆగాలి.

చేత్తోనే సూక్ష్మ పునరావృతాలు చూడాలనుకుంటే మిర్యాలగూడ మిల్లుల నుంచి వేర్వేరు వరి రకాల విత్తనాలు తెప్పించండి. వరిలోనూ ఇలాంటి పునరావృతాలున్నాయి, బాస్మతి కల్తీని పట్టేది వాటితోనే. వరి స్వపరాగ సంపర్కం కాబట్టి రకానికి సాధారణంగా ఒకే గీత వస్తుంది. మనిషికి తల్లి వైపు ఒకటి, తండ్రి వైపు ఒకటి ఎందుకుంటాయో అప్పుడు ప్రశ్న వాళ్లే అడుగుతారు.

కాగితాలు, కోర్టు

ప్రతి నమూనాకూ సంఖ్య, తేదీ, సమయం, ఎవరు ఇచ్చారు, ఎవరు తీసుకున్నారు అన్న పత్రం ఉండాలి. కవరు మూతికి లక్క సీలు వేయడం, సీలు గుర్తు నమూనాను విడిగా పంపడం నేర్పండి. కొవ్వొత్తి, లక్క, ఒక ఇత్తడి ముద్ర చాలు. సెమిస్టరు చివర లా చదివే విద్యార్థులను పిలిచి నమూనా కోర్టు పెట్టండి. ఒకరు డిఫెన్స్ న్యాయవాదిగా నిలబడి "ఈ కవరు మంగళవారం రాత్రి ఎవరి దగ్గర ఉంది?" అని అడిగితే, పత్రంలో ఆ గడి ఖాళీగా ఉన్న గుంపు సమాధానం కోసం వెతుక్కుంటుంది. సైన్సు పరీక్షలో మొదటి ర్యాంకు వచ్చిన పిల్లలు కూడా ఇక్కడ తడబడతారు. ఈ ఒక్క పూటకు బయటివారిని పిలవడానికి ప్రిన్సిపాల్ అనుమతి ముందే తీసుకోండి.

వ్యర్థాలు, వేసవి సెలవులు

రక్తం తాకిన టిప్పులు, ట్యూబులు ఎర్ర సంచిలో వేసి, ఆసుపత్రుల వ్యర్థాలు తీసుకెళ్లే సంస్థతో ఒప్పందం చేసుకుని వాళ్లకు ఇవ్వండి, మున్సిపాలిటీ చెత్త బండిలో వేయకండి. ద్రవాలను బ్లీచ్‌లో అరగంట ఉంచి పారబోయండి. ఒక హెచ్చరిక: డీఎన్‌ఏ కిట్లలో గ్వానిడిన్ లవణాలు ఉంటే ఆ ద్రవంలో బ్లీచ్ కలపకూడదు, విషవాయువు పుడుతుంది. ఆ సీసాలకు ఎర్ర చీటీ అంటించి వేరే డబ్బా పెట్టండి.

ఏప్రిల్‌లో సెలవులిచ్చే ముందు ఫ్రీజర్ సంగతి చూసుకోండి. కాపలా మనిషి వెళ్తూ భవనం మెయిన్ స్విచ్ ఆపేస్తాడు, అది ఆయన బాధ్యతే. ఫ్రీజర్‌కు వేరే లైను వేయించి, ఆ స్విచ్ మీద "ఆపవద్దు" అని పెద్ద అక్షరాల్లో తెలుగులో రాయండి. లైను వేయించలేకపోతే ఎంజైములను, ప్రైమర్లను థర్మోకోల్ పెట్టెలో పెట్టి, సెలవుల్లోనూ పనిచేసే విశ్వవిద్యాలయ విభాగంలో జూన్ దాకా ఉంచమని అడగండి. నల్గొండ వాళ్లకు మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్ వాళ్లకు పాలమూరు విశ్వవిద్యాలయం దగ్గర. పెట్టె మీద ఏ ట్యూబు ఎన్ని ఉన్నాయో జాబితా అంటించి, ఇచ్చినప్పుడు ఒక సంతకం, తెచ్చుకున్నప్పుడు ఒక సంతకం తీసుకోండి.